రేకు మీద చెయ్యి

పోయినేడు కోటప్పకొండ తిరునాళ్ళ అయిన నాలుగో రోజున హారిక వాళ్ళ నాన్న పాత పికప్ బండిని ట్రాక్టరుకు కట్టి మా షెడ్డుకు లాక్కొచ్చింది. ముందు జీపు మొహం, వెనక సామాను వేసుకునే తొట్టి. నలభై ఐదేళ్ళ కిందటిది. పదేళ్ళుగా మిరపకాయల గోడౌన్‌లో ఓ మూల పడి ఉందట. మా ఆయన చెంచయ్య బానెట్ మీద సుత్తితో ఒక్క దెబ్బ వేయగానే లోపల పేరుకున్న ఘాటంతా పొగలా లేచింది. ఆయన, హారిక, పక్క షెడ్డులో రంగులేసే రంజాన్, గుమ్మంలో మిషను తొక్కుతున్న నేను, అందరం తుమ్మిన తుమ్ము తుమ్మకుండా తుమ్మాం.

"బాబాయ్, బండికి ఊపిరి ఉంది, చూశావా!" అంది హారిక కళ్ళు తుడుచుకుంటూ.

దర్శిలో కురిచేడు రోడ్డు మీద మాది ముందు షెడ్డు, వెనక ఇల్లు. ఆ రెంటికీ మధ్య గుమ్మంలో నా కుట్టు మిషను. ముప్ఫై ఏళ్ళుగా ఆయన అటు రేకు కొడుతుంటే నేను ఇటు జాకెట్లు కుడుతున్నాను. టింకరింగ్ మేస్త్రి అంటే చుట్టుపక్కల పది ఊళ్ళవాళ్ళు చెంచయ్య పేరే చెబుతారు. జాకెట్లంటే ఈ వీధి వరకు రావమ్మ, అంటే నేను. అయినా మంచినీళ్ళ చెంబు ఇవ్వడానికి తప్ప నేను ఆ గుమ్మం దాటి షెడ్డులోకి అడుగుపెట్టింది లేదు. నా పని నాది, ఆయన పని ఆయనది.

హారిక బాపయ్యగారి ఒక్కగానొక్క కూతురు. వ్యవసాయం చదువుకుని వచ్చి, తండ్రితో పాటు మిరప వేస్తోంది. పండించిన కాయను తామే ఆరబెట్టి, కారం పట్టించి, ఊళ్ళు తిరిగి అమ్మాలని దాని ఆలోచన.

"కొత్త బండయితే ఎవరూ తలెత్తి చూడరు పిన్నీ. ఇది బ్రాడీపేటలో ఆగిందనుకో, పెద్దవాళ్ళంతా చుట్టూ చేరతారు, మా చిన్నప్పటి బండి అని. ఆవకాయలు మొదలయ్యే రోజుకి నేను గుంటూరులో ఉండాలి" అంది నాతో.

బండి రేకు సగం తుప్పుకే పోయింది. అందుకని ఆ పిల్ల ముందే పంజాబు నుంచి కొత్త రేకులు తెప్పించింది. బానెట్, రెండు మడ్‌గార్డులు, రెండు తలుపులు, తొట్టి వెనక తలుపు. చెక్కపెట్టెలో లారీ మీద వచ్చాయి. బండి చేసిన కంపెనీవి కావు, వాటిని చూసి ఇంకెవరో వంచినవి. ఆయన ఒక్కొక్కటీ తీసి, ఎండకేసి చూసి, గోడకు ఆనించాడు.

"ఇయ్యి రెడీమేడ్ జాకెట్లే రావమ్మా. భుజం కలిస్తే చంక కలవదు" అన్నాడు.

"పొట్టిదయితే బట్ట వెయ్యొచ్చు, లూజయితే పట్టి కుట్టొచ్చు. కత్తిరించాకే ఏం చెయ్యలేం" అన్నాను.

"అదీ మాట. అందుకే ముందు అన్నీ వేలాడదియ్యాలి. ఒక్క బోల్టు బిగించకూడదు, ఒక్క చిల్లి పెద్దది చెయ్యకూడదు. ముందు తలుపులు. తలుపుని బట్టి మడ్‌గార్డు. ఆఖరికి బానెట్. రంగు సంగతి అన్నీ కలిసినాకే."

కచ్చా కుట్టు వేసుకుని, తొడిగి చూసుకుని, అప్పుడు మిషను ఎక్కించినట్టన్నమాట. ఇన్నేళ్ళలో ఆయన పని నాకు అంత బాగా అర్థమైంది అదే మొదటిసారి.

*

ఉగాది వచ్చింది. రెండు తలుపులూ ఇంకా అవలేదు.

మామూలుగా అయితే తలుపు పని ఆయనకు ఒకటిన్నర రోజు. ఈసారి వారం దాటినా తెమల్లేదు. వాషర్లు చేతిలోంచి జారిపడేవి. వంగి వెతుక్కునేవాడు. దొరికినదాన్ని మళ్ళీ జారవిడిచేవాడు. చొక్కా గుండీలు పెట్టుకోడానికి పొద్దున్నే కుస్తీ పట్టేవాడు.

"కాజాలు ఇంత బిగుతుగా కుట్టావేందే" అని నా మీద విసుక్కున్నాడో రోజు. నేను ఆయన చొక్కాలన్నీ ముందేసుకుని కాజాలన్నీ పెద్దవి చేశాను. మర్నాడు కూడా అదే కుస్తీ. ఆ తర్వాత చొక్కా మానేసి బనీను మీదే షెడ్డులోకి వెళ్ళడం మొదలుపెట్టాడు. అడిగితే ఉక్కపోత అన్నాడు. ఒక్కోసారి కాలి చెప్పు జారిపోతే చూసుకోకుండా నాలుగడుగులు వేసేవాడు. వయసు మీదపడుతోంది కదా అనుకున్నాను. ఆయనకు షుగరు ఉందని తెలుసు. బిళ్ళలు ఒకరోజు వేసుకుంటే రెండు రోజులు మర్చిపోతాడనీ తెలుసు. అన్నీ విడివిడిగా తెలుసు.

శ్రీరామనవమి వెళ్ళాక, ఎలా ఉందో చూద్దామని రంజాన్ కుడి తలుపుకీ మడ్‌గార్డుకీ ప్రైమర్ కొట్టాడు. సాయంత్రం ఎండ వాలుగా పడే వేళకి బాపయ్యగారు, హారిక వచ్చారు. ఆ ఎండలో తలుపు మీద అలలు కనిపించాయి. ఒకటీ రెండూ కాదు, తలుపు పొడుగునా.

రంజాన్ ఒకసారి చూసి, "పుట్టీ ఆరలేదేమో అన్నా" అన్నాడు. ఆయన్ని కాపాడాలని అన్నాడు. పుట్టీ ఆరి మూడు రోజులైంది.

బాపయ్యగారు మెత్తగా మాట్లాడే మనిషి కాదు. "ఏందయ్యా చెంచయ్యా ఇదీ! కుంటలో రాయేసినట్టు తిరగతన్నయ్యి గదయ్యా అలలు! నీ చెయ్యేనా ఇది?"

"సరుకు బాగాలేదు" అన్నాడు ఆయన.

నా కాలు మిషను మీద ఆగిపోయింది. పాడైన రేకు, పల్చటి రేకు, తుప్పు రేకు, ఏది తెచ్చినా ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట నేను వినలేదు.

"సరుకు బాగాలేకనే గదా నీ దగ్గరికి తెచ్చింది? రేపు ట్రాక్టరు పంపిస్తా. గుంటూరు తీసకపోతా" అన్నారు బాపయ్యగారు.

"నాన్నా, ఆగు" అంది హారిక. "ఇంకో పదిహేను రోజులు చూద్దాం. బాబాయ్, పదిహేను రోజులు చాలా నీకు?"

ఆయన తలుపు వైపే చూస్తున్నాడు. ఆ పిల్ల తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

*

అది అయిన రెండో రోజు. మిట్టమధ్యాహ్నం. దర్శి ఎండ సంగతి చెప్పేదేముంది, రోడ్డు మీద కుక్క కూడా లేదు. షెడ్డు ముందర రెండు స్టాండ్ల మీద బానెట్ పడుకోబెట్టి ఉంది. ఆయన కుడి అరచెయ్యి దాని మీద ఆనించి, నిమురుతూ, ఒకచోట ఆగి నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎప్పుడూ అలాగే చూస్తాడు ఎత్తుపల్లాలు.

నేను మజ్జిగ గ్లాసు తీసుకెళ్ళాను. గ్లాసు పెట్టడానికి చోటు చూసుకుంటూ బానెట్ అంచు మీద వేళ్ళు ఆనించానో లేదో చురుక్కుమని వెనక్కి లాక్కున్నాను. అట్లపెనం లాగా ఉంది.

ఆయన చెయ్యి ఇంకా దాని మీదే ఉంది.

"చెయ్యి తియ్యయ్యా" అన్నాను.

కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. "ఏం?"

"కాలుతోంది."

తన చేతి వైపు చూసుకున్నాడు. ఎవరిదో వస్తువు తీసినట్టు మెల్లగా దాన్ని పైకి ఎత్తి, తిప్పి చూశాడు. అరచెయ్యంతా ఎర్రగా కందిపోయింది. మా ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది, లేదా ఆయనకు అప్పటికే తెలుసు, నాకు తెలిసిందని అప్పుడు తెలిసింది.

గ్లాసు ఆయన ఎడమచేతికిచ్చి, లోపల్నుంచి నీళ్ళ గిన్నె తెచ్చి కుడిచెయ్యి అందులో పెట్టించాను. ఇద్దరం షెడ్డు నీడలో నేల మీద కూర్చున్నాం.

"ఎన్నాళ్ళ నుంచి?"

"దసరా నుంచి." గిన్నెలో చెయ్యి అటూ ఇటూ తిప్పాడు. "చేతికి బట్ట చుట్టినట్టుంటది రావమ్మా. అన్నీ తగుల్తయ్యి. ఏదీ తెలవదు."

"నాకు చెప్పొద్దా?"

"చెప్తే ఏమయిద్ది? చెప్పినాక అది నిజమయి కూర్చుంటది గదా."

నీళ్ళల్లో ఆయన చెయ్యి ఉబ్బినట్టు కనబడుతోంది. ఎన్నో బళ్ళ మీద ఆ చెయ్యి పడటం గుమ్మంలోంచి చూశాను. అంత దగ్గరగా చూసింది ఆ రోజే.

*

మర్నాడు బస్సెక్కి గుంటూరు వెళ్ళాం. బ్రాడీపేటలో డాక్టరమ్మ ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమంది. సన్నటి ప్లాస్టిక్ దారం ఒకటి తీసి, "ఇది తగిలినప్పుడల్లా 'ఆ' అనండి" అంది. కాలి బొటనవేలి కింద తాకించింది. ఆయన ఏమీ అనలేదు. మడమ దగ్గర తాకించింది. ఏమీ అనలేదు. తర్వాత వేళ్ళ చివర్లు. ఆయనకూ అనుమానం వచ్చినట్టుంది, చాలాసేపు మాట్లాడకుండా ఉన్నానే అని. డాక్టరమ్మ దారం పక్కన పెట్టి ఏదో రాసుకుంటుంటే, "ఆ" అన్నాడు. మళ్ళీ కొంచెంసేపటికి ఇంకోసారి "ఆ" అన్నాడు.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు తిరిగాను.

షుగరు నరాల మీదకు వచ్చిందని చెప్పింది. బిళ్ళలు మానకూడదు, చేతులూ కాళ్ళూ రోజూ చూసుకోవాలి, వేడి వస్తువుల దగ్గర జాగ్రత్త. "ఇంకా ముదరకుండా ఆపగలం. పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాత్రం మాటివ్వలేను" అంది. నిజం చెప్పినందుకు ఆమెకు దణ్ణం పెట్టాను.

తిరుగు బస్సు నరసరావుపేట దాటింది. రోడ్డుకి రెండువైపులా కళ్ళాల్లో కాయ ఆరబోసి ఉంది. ఎర్ర దుప్పట్లు పరిచినట్టు, కనుచూపు మేరా.

"హారికకి చెప్పేద్దాం. బండి గుంటూరు పంపించేద్దాం" అన్నాడు.

కట్టు కట్టిన చేతిని ఒళ్ళోకి తీసుకుని కూర్చున్నాను. నా చెయ్యి దాని మీద ఉన్నట్టు ఆయనకు తెలిసిందో లేదో.

*

నాలుగు రోజులు షెడ్డు తెరవలేదు. ఐదో రోజు పొద్దున్నే స్పానర్లు తీసుకుని తలుపులు విప్పడానికి వెళ్ళాడు. విప్పి, అన్నీ పెట్టెలో సర్ది అప్పజెబుదామని. నేను మిషను దగ్గర కూర్చున్నాను గానీ సూదిలో దారం ఎక్కించలేదు.

పై బోల్టుకి స్పానరు వేశాడు. వేసినవాడు ఆగి, అలవాటు చొప్పున తలుపు మీద చెయ్యి వేసి నిమిరాడు. అలాగే నిలబడిపోయాడు. తర్వాత భుజం మీది పాత నూలుగుడ్డ తీసి, గుమ్మం వైపు తిరిగి, నాకు చాచాడు.

"నువ్వు చూడు" అన్నాడు.

"నాకేం తెలుసయ్యా!"

"గుడ్డలో ముడతుంటే కళ్ళు మూసుకుని చెప్తావు గదా. రా."

చెప్పులు విడిచి వెళ్ళాను. ఎందుకు విడిచానో తెలియదు. గుడ్డ అరచేతి కింద పెట్టించాడు. వేళ్ళ కొసలతో కాదు, అరచెయ్యి మొత్తం ఆనాలన్నాడు. నొక్కకూడదు, ఆపకూడదు, పొడుగునా పోవాలన్నాడు. నా చెయ్యి మీద తన కట్టు చెయ్యి పెట్టి, తలుపు ఈ చివర్నుంచి ఆ చివరికి నడిపించాడు. పక్క షెడ్డులోంచి చూస్తున్న రంజాన్ అటు తిరిగి తన పని చేసుకోసాగాడు.

మొదటిసారి ఏమీ తెలియలేదు. రెండోసారీ తెలియలేదు. మూడోసారి కళ్ళు మూసుకున్నాను. పరుపు కింద చింతగింజ ఉన్నట్టు ఏదో తగిలింది.

"ఇక్కడ ఎత్తుగా ఉందయ్యా."

"గుర్తు పెట్టు."

గుర్తు పెట్టడానికి నా కుట్టుపని సుద్దే దొరికింది. సున్నా చుట్టాను. దాని పక్కనే పల్లం. అక్కడ గీత గీశాను. ఆయన లోపలివైపు ఇనప దిమ్మె ఆనించి పైనుంచి సుత్తితో చిన్నగా కొట్టాడు. నాలుగు దెబ్బలు.

"ఇప్పుడు?"

"తగ్గింది. పోలేదు."

ఇంకో రెండు.

"ఇప్పుడు?"

చెయ్యి తిప్పాను. చింతగింజ లేదు. ఉన్న చోటు కూడా దొరకలేదు. నాకు ఎందుకో ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుని, "పక్కది చూద్దాం" అన్నాను.

ఆ తలుపు ఆ రోజే పూర్తయింది. బోల్టులు విప్పే మాట ఇద్దరం ఎత్తలేదు.

*

అక్కణ్ణుంచి రోజూ తెల్లవారగానే రేకు చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టేవాళ్ళం. ఎండెక్కాక ఆపేవాళ్ళం. జాకెట్లు ఇచ్చినవాళ్ళు వచ్చి సణిగి పోతున్నారు. ఎడమ మడ్‌గార్డు చిల్లులు బండి చిల్లులతో అరవేలు తేడా వచ్చాయి. చిల్లి పెద్దది చేద్దామా అని నేను. వద్దన్నాడు ఆయన. ఈ బండి ఎప్పుడో ఎడమపక్కకి పడిందట, క్యాబిన్ అటు కొంచెం కుంగిందట. క్యాబిన్ కింద ఎడమవైపు ఎత్తు కోసం రెండేసి వాషర్లు ప్యాకింగ్ పెట్టించాడు. చిల్లులు వాటంతటవే కలిశాయి. ఒక భుజం జారిన మనిషికి ఆ భుజం కింద మడత పెట్టి కుడతాం, అదే.

వారం తిరక్కుండానే బాపయ్యగారు చెప్పాపెట్టకుండా వచ్చారు. నేను తలుపు మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ఉన్నాను. "ఏందమ్మా ఇదీ? పూజా?" అన్నారు.

నేను చెయ్యి తీయబోయాను. "ఉండు" అన్నాడు మా ఆయన. సుత్తి కింద పెట్టి బాపయ్యగారి ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"నా చేతికి స్పర్శ పోయింది బాపయ్యగారూ. మా ఆవిడ చూసి చెప్తంది, నేను కొడతన్నా. ఇదీ జరిగేది. ఇష్టమయితే ఉంచండి, లేదంటే తీసకపోండి. నేనేమీ అనుకోను."

నెలల తరబడి నాకు కూడా చెప్పుకోలేనిది, రోడ్డు పక్కన, గట్టిగా మాట్లాడే మనిషితో అంత తేలిగ్గా అనేశాడు.

బాపయ్యగారు గొంతుక్కూర్చుని, తలుపు అంచు నుంచి ఒక కన్ను మూసి వాలుగా చూశారు. లేచి రెండోవైపు వెళ్ళి అక్కడా అలాగే చూశారు. మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నారు.

"మా ఇంట్లోనూ కాయ ఆరిందో లేదో నొక్కి చెప్పేది ఆడోళ్ళే. ఆళ్ళు చెప్పినాకనే నేను బేరానికి పోతా" అన్నారు. వెళ్తూ వెళ్తూ, "చేతికి మందేమన్నా వాడతన్నావా లేదా మరి?" అని అరిచారు.

ఆఖరికి బానెట్. దాని పల్లాలన్నీ తీశాం. రెండు పక్కలా సందు ఒకేలా వచ్చేదాకా నాలుగు రోజులు కదిపాం. చెయ్యి తిప్పి చూసి, బాగుందన్నాను. ఆయన వేలి కణుపుతో అక్కడక్కడా తట్టుకుంటూ పోయి, నడిమధ్యలో ఆగాడు.

"ఇది బాలేదు."

"ఏం బాలేదు? నున్నగా ఉంది. నేను రెండుసార్లు చూశా."

"మోత తేడాగా ఉంది. రేకు సాగింది ఇక్కడ."

"నీకు తెలియట్లేదుగా, నాకు తెలుస్తోంది. సమంగా ఉంది." నోరు జారాక నాలిక్కరుచుకున్నాను. ఆయన నొచ్చుకోలేదు. బొటనవేలితో ఆ చోట నొక్కాడు. టప్పున లోపలికి పోయి, వదలగానే టప్పున పైకొచ్చింది, డబ్బా మూతలాగా. నా చేతికి అందని లోపం ఆయన చెవికి అందింది.

గ్యాస్ మంటతో అక్కడ కాచి, తడిగుడ్డ వేసి రేకును బిగదీశాడు. ఆ పూట అన్నం తింటున్నంతసేపూ ఆ మాటే. "సమంగా ఉందంట! రెండుసార్లు చూసిందంట!" అని నవ్వుకుంటూ తిన్నాడు. నేను కోపం వచ్చినట్టు కూర్చున్నాను.

*

ఇంజను పని హారిక పిలిపించిన మెకానిక్ చేసిపెట్టాడు. రంజాన్ బండికి మొదట ఉన్న లేత నీలం రంగే వేశాడు. సాయంత్రపు ఎండలో నిలబెడితే ఒక్క అల లేదు. మామిడికాయలు దిగిన వారానికి, తొట్టి నిండా కారం పొట్లాలతో హారిక గుంటూరు బయల్దేరింది. మమ్మల్నీ ఎక్కమంది. నన్ను ముందు కూర్చోబెట్టి, "నేను ఎనక కూర్చుంటా, ఏదన్నా మోత వస్తే ఎనకే తెలిసిద్ది" అని మా ఆయన పొట్లాల మధ్య కూర్చున్నాడు.

సంతమాగులూరు దాటాక క్యాబిన్ మీద దబదబా తట్టాడు. హారిక పక్కకు తీసి ఆపింది.

"ఎడమ తలుపు మోగుతోంది" అన్నాడు దిగి. కింది బోల్టు కొంచెం వదులైంది. బోల్టు ఎంత బిగిసిందో ఆయన చేతికిప్పుడు తెలియదు. స్పానరు నాకిచ్చి తలుపు ఎత్తి పట్టుకున్నాడు. నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని కింద కూర్చున్నాను.

మోటారు సైకిలు మీద భార్యాభర్తలెవరో పోతూ పోతూ ఆగారు. అతను బండినీ నన్నూ మార్చి మార్చి చూసి, "మెకానిక్కా అమ్మా మీరు?" అని అడిగాడు.

"కాదు బాబూ, టైలర్‌ని" అన్నాను.

మా ఆయన పకపకా నవ్వాడు. తలుపంతా ఊగింది.

"నవ్వకయ్యా, బోల్టు జారిపోద్ది" అన్నాను. నవ్వు ఆపుకుని కదలకుండా పట్టుకున్నాడు. ఇంకో పావు తిప్పు తిప్పాను. "చాలు" అన్నాడు.

లేచి, బండెక్కి తలుపు వేశాను. ఒక్కటే మోత, గట్టిగా, సరిగ్గా పడింది. హారిక ఇంజన్ స్టార్ట్ చేసింది. ఆయన వెనక్కి వెళ్ళి తొట్టి ఎక్కబోయి, ఆగి, తిరిగి వచ్చి నా వైపు తలుపు తెరిచాడు.

"కాస్త జరుగు" అన్నాడు.

జరిగాను.